ఆయన మిషన్‌లో పాత వెర్షన్

"ఇవాళ ల్యాబ్‌లో మిషన్లన్నిటికీ పాత పైథాన్ ఎక్కించెయ్. కొత్తది పీకి పారెయ్," అన్నాడు లెక్చరర్, పళ్ళెం ముందుకు తోస్తూ. ఆ తోయడానికి అర్థం ఇంకాస్త వడ్డించమని. పెళ్ళయిన కొత్తల్లోనే ఆవిడకి ఆ భాష వచ్చేసింది.

వడ్డించింది. ఇద్దరూ పనిచేసేది ఒకే కాలేజీలో. ఆయన పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠం చెబుతాడు, ఆ పాఠం నడిచే ల్యాబ్‌ను ఆవిడ చూసుకుంటుంది.

"కొత్తది తీసేస్తే మిషన్లని నడిపే లైనక్స్ మొత్తం కూలబడుతుందండీ. లైనక్స్ సొంత పనులు చాలావరకు ఆ కొత్తదాని మీదే నడుస్తాయి. పాతదాన్ని విడిగా పక్కన పెడతాను. రెండూ ఉంటాయి."

"నాకు పాఠం చెప్పకు. నిన్ను పెట్టుకుంది మిషన్లు తుడవడానికి."

ముందు గదిలోంచి అత్తగారు అందుకుంది. "వాడు చెప్పినట్టు చేస్తే నీ సొమ్మేం పోయింది? బటన్ నొక్కడానికి కూడా ఇంత రాద్ధాంతమా?"

ఆయన కోపం మిషన్ల మీద కాదని ఆవిడకి తెలుసు. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న వెర్షన్ దగ్గరే ఆయన ఆగిపోయాడు. ఆయన నోట్సులోని ప్రోగ్రాములు కొత్తదానిలో నడవవు. ఆ సంగతి పిల్లలకి ఇన్నాళ్ళూ తెలియలేదంటే కారణం ఒక్కటే. రోజూ సాయంత్రం కూర పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోపు, మర్నాటి ప్రోగ్రాములన్నీ ఆవిడ సరిచేసి ఇచ్చేది. "మొత్తం నాదే, నువ్వు చుక్కలూ కామాలూ పెట్టావంతే," అనేవాడు. పోయిన వారం ఆవిడకి జ్వరం వచ్చింది. సరిచేయని ప్రోగ్రామును అలాగే పట్టుకెళ్ళి క్లాసులో నడిపాడు. మొదటి లైన్లోనే తప్పని మిషన్ చూపించింది. "సార్, ప్రింట్‌కి బ్రాకెట్లు పెట్టాలి," అంది ముందు బెంచీ అమ్మాయి. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి, దుప్పటి కప్పుకుని పడుకున్న ఆవిడ నెత్తిన నిలబడి, "నీ జ్వరం నా పరువు తీసింది," అన్నాడు. మాత్ర వేసుకున్నావా అని మాత్రం అడగలేదు.

ఎప్పటిలాగే ఆయన ముందు బయల్దేరాడు. అంట్లు తోమి, అత్తగారి మందులు తీసిపెట్టి, బస్సు పట్టుకుని ఆవిడ ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి పిల్లలంతా గోడ వారన నిలబడి ఉన్నారు. లెక్చరర్ బల్ల మీదున్న మిషనూ, ముందు వరుస మిషన్లూ నల్లబడి ఉన్నాయి. తెరల మీద బొమ్మల్లేవు, కిటికీల్లేవు, తెల్లటి అక్షరాలు మాత్రం మిణుకుమంటున్నాయి. కొత్త వెర్షన్‌ని పీకేశారు. ఎవరి పనో ఆవిడకి ఒక్క చూపులో తెలిసిపోయింది. ల్యాబ్ పాస్‌వర్డ్ ఆయనకి తెలుసు. మొగుడి దగ్గర దాచే పాస్‌వర్డ్ ఏమిటని ఒకసారి రెండ్రోజులు అన్నం మానేసి మరీ చెప్పించుకున్నాడు.

"మా ఆవిడ నిన్న ఏదో కెలికినట్టుంది సార్," అంటున్నాడు ప్రిన్సిపాల్‌తో, నవ్వుతూ. "చెప్తే వినదు. నేను సర్దిస్తాను లెండి."

ఆ నవ్వు ఆవిడకి కొత్త కాదు. చుట్టాలింట్లో పిల్లాణ్ణి కసిరింది ఆయనే అయినా, "మా ఆవిడకి ఓపిక తక్కువ" అని నవ్విన నవ్వే అది. ఆయన కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయి ఇల్లు చీకటైన రోజున పక్కింటివాళ్ళ ముందు నవ్విందీ అదే. అప్పుడల్లా ఆవిడా ఆ నవ్వులో కలిసింది, ఇంటి గుట్టని. ఎవరి గుట్టు? గుట్టంతా ఆయనది, దాన్ని మోసే నడుం మాత్రం తనది. పొద్దున ఆవిడ చేతులు గిన్నెలు తోముతుంటే, ఇక్కడ ఆయన చేతులు ఆవిడ పేరుతో లోపలికెళ్ళి ఆవిడ ఉద్యోగాన్ని తవ్వాయి. ఇప్పుడు ఆ గోతిలో తననే దిగమంటున్నాడు, నవ్వుతూ దిగమంటున్నాడు.

ఆవిడ కుర్చీ లాక్కుని నల్లతెర ముందు కూర్చుంది. ఒక్కో మిషన్‌లో కొత్త వెర్షన్ తిరిగి ఎక్కించింది. బొమ్మలు వెనక్కొచ్చాయి. చివరికి లెక్చరర్ మిషన్‌లో పాతదాన్ని వేరే ఫోల్డరులో ఎక్కించి, కొత్తదాని జోలికి పోకుండా దానికో వేరే పేరు తగిలించింది. పాస్‌వర్డ్ మార్చింది. అప్పుడు లేచింది.

"ఇంత పని వచ్చినదానివి, ఇలా ఎలా చేశావమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"నేను చేయలేదు సార్. ఇది జరిగినప్పుడు నేను ఈయన తిన్న పళ్ళెం కడుగుతున్నాను. నా పాస్‌వర్డ్‌తో ఈయనే తీసేశారు. ఇప్పుడది మార్చేశాను."

ప్రిన్సిపాల్ లెక్చరర్ వైపు చూశాడు. లెక్చరర్ తన చేతిలోని సుద్దముక్క వైపు చూశాడు.

"మేడమ్, మేం ఏది వాడాలి?" అనడిగింది ముందు బెంచీ అమ్మాయి.

"కొత్తదే. పాతది సార్ ఒక్కరికే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్ వెళ్ళిపోయాక ఆయన ఆవిడ భుజం దాకా వంగి, పళ్ళ మధ్యనుంచి అన్నాడు. "సాయంత్రం ఇంటికి రా, నీ సంగతి చెప్తాను. ముందు రేపటి ప్రోగ్రాములు చూడు."

ఆవిడ వెనక బెంచీ దాకా వినిపించేలా జవాబిచ్చింది.

"రేపటి ప్రోగ్రాములు మీరే చూసుకోండి. నా సంగతంటారా, ఇక్కడే చెప్పండి, పిల్లలూ వింటారు."