మట్టి జరిగింది

పొద్దున లేవగానే మట్టి పిసకడం, పటాలు చేసే పిన్నికి కాఫీ కంటే ముందు పని. బంకమట్టిలో నానిన కాగితం గుజ్జూ కాస్త జిగురూ కలిపి, చెవితమ్మెంత మెత్తగా వచ్చేదాకా పిసికేది. చెక్క పలక మీద ఇనుప జాలీ బిగించి, దాని మీద మొహాలూ చేతులూ ఉబ్బెత్తుగా నిలబెట్టేది. అవి ఎండాక పైన ఆయిల్ రంగులు. ముందుండేవాళ్లకు మట్టి, వెనకుండేవాళ్లకు ఉత్త రంగు. ఎవరు ముందో ఎవరు వెనకో పటం చేయించుకునేవాళ్లే చెప్పేవారు. మట్టి ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే, తడి ఆరేలోపే తనకు తోచిన మనిషి దగ్గరికి జరిగిపోయేది. పాలు విరిగాయన్నంత మామూలుగా "వాళ్ల పటంలో మట్టి జరిగిందట" అనుకునేవారు జనం.

ఆ వారం ఆమె బల్ల మీదున్నది తాళాల కొట్టువాళ్ల పటం. తండ్రి పోయాక కొడుకు కొట్టుకు సున్నాలు వేయించాడు. మళ్లీ తెరిచే రోజున గోడకు పెద్ద పటం పెడుతున్నానని వీధంతా చాటాడు.

"నాన్న, నేను, ఇద్దరం మట్టిలో రావాలి పిన్నీ. చెల్లి వెనకాల రంగులో ఉంటే చాలు."

"తాళంచెవులు చేసేది అదే కదరా?"

"ఇకమీదట నా బావమరిది చేస్తాడు. దాన్ని ఇంటిపట్టున ఉండమన్నాను."

"వాడికి బూటు లేసు ముడి విప్పడం వచ్చా?"

"నేర్చుకుంటాడులే."

మర్నాడు చెల్లెలు బొమ్మకు కూర్చోవడానికి వచ్చింది. పదిహేనో ఏట తండ్రి పక్కన ముక్కాలిపీట వేసుకుని, తాళంచెవులు అరగదీసే ఆకురాయి పట్టిన మనిషి. వేళ్ల కొసలకు ఇత్తడి రంగు పట్టేసింది. తాళాన్ని చెవికి ఆనించుకుని లోపల ఏది అరిగిందో చెప్పేది.

"నోరు తెరిచి అడగవే" అంది పిన్ని, కుంచె ఆపకుండా.

"నేనేం అడగను? వాడికే తెలియాలి."

"వాడికి తెలిసేసరికి నీ పళ్లూడతాయి. ఎంత మొండి తాళమైనా విప్పిందాకా వదలవు. అన్న ఎదురుపడితే మాత్రం నీ నోటికే తాళం."

చెల్లెలు నవ్వింది గాని, చూపు ఒళ్లో చేతుల మీదే ఉంది. ఆ పీట పోతే వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

రెండు రోజులకు అన్న పటం చూడ్డానికి వచ్చాడు. పిన్ని అవిసె నూనె కోసం బజారుకు వెళ్లి ఉంది. పటంలో తన బుగ్గ కాస్త పీక్కుపోయి కనిపించింది. వెనకాల చెల్లెలి మణికట్టు దగ్గర రంగు ఉబ్బింది. తాళాల ఇంట్లో పుట్టినవాడికి దేనికైనా ఒకటే మందు, బిగించి మూసేయడం. కుంచె తీసుకుని, తడిమట్టి మొహం మీద మందంగా ఆయిల్ రంగు పట్టించేశాడు.

పిన్ని గుమ్మంలోంచే చూసింది.

"నా కుంచె ఎందుకు ముట్టావురా? తడి మీద నూనె రంగు నిలుస్తుందా? మీగడలా తేలిపోతుంది."

"నిలవకపోతే పోనీ పిన్నీ. మట్టి మాత్రం ఇక కదలదు, దారి మూసేశాను."

"దారులన్నీ నీకే తెలిసినట్టు" అని ఆమె టర్పెంటైన్‌లో కుంచె కడుక్కుంది. ఆ మొహం జోలికి పోలేదు.

కొట్టు తెరిచే ముందురోజు అన్నాచెల్లెళ్లిద్దరూ పటం తీసుకెళ్లడానికి వచ్చారు. తండ్రి ఉన్నచోటే ఉన్నాడు. అన్న మొహం నున్నగా మెరుస్తోంది. చెల్లెలి కుడిచెయ్యి మాత్రం మోచేతి దాకా పలకలోంచి బయటికొచ్చి, తాళంచెవి పట్టుకుని ఉంది. అంతా మట్టే, రాయిలా ఎండి.

"వెనక్కి నొక్కెయ్ పిన్నీ."

"నువ్వే నొక్కుకో."

నొక్కాడు. బొటనవేలు నొప్పెట్టింది తప్ప ఆ చెయ్యి చెక్కు చెదరలేదు. అనుమానం వచ్చి తన బుగ్గ మీద వేలితో కొట్టి చూశాడు. టకటకమంది. రంగు పెంకు కట్టి నిలబడింది, లోపల మట్టి లేదు.

చెల్లెలు తన చేతిని ఆ మట్టి చేతి పక్కన పెట్టి చూసుకుంది. బొటనవేలి మీద ఆకురాయి గాటుతో సహా అదే.

"అన్నయ్యా, ఆ పీట నాది. రేపు పొద్దున కూర్చుంటాను. మీ బావమరిదిని వేరే పని చూసుకోమను."

కోపంగా కాదు, తాళం విప్పి ఇచ్చేటప్పుడు మాట్లాడే గొంతుతోనే అంది. అన్న పిన్ని వైపు చూశాడు.

"ఈ పటం పెట్టకపోతేనో?"

"ఎందుకు పెట్టలేదని వీధంతా అడుగుతుంది. పెడితే ఎవరూ అడగరు, చూసి తెలుసుకుంటారు."

అన్న పటానికి ఒకవైపు తనే పట్టాడు. రెండోవైపు చెల్లెలు పట్టింది. గుమ్మం దాటబోతూ గొంతు తగ్గించి అడిగాడు, "పిన్నీ, నా మొహంలో కాస్త మట్టి కూరవా?"

"నేను కూరితే నిలవదురా. పని చెయ్యి, అదే వస్తుంది."

పటం ఇప్పుడు కొట్లో పనిబల్ల పైన ఉంది. వచ్చినవాళ్లు తమ తాళంచెవుల గుత్తులు ఆ మట్టి వేళ్లకే తగిలించి పోతారు. చెల్లెలి పక్కన రెండో పీట పడింది, దాని మీద అన్న ఆకురాయితో కుస్తీ పడుతుంటాడు. రోజూ కొట్టు తెరవగానే పటంలో తన మొహం మీద వేలితో కొట్టి వింటాడు.

"ఇవాళ చప్పుడు మందంగా ఉందే" అన్నాడు మొన్న.

చెల్లెలు చేతిలో పని ఆపలేదు. "మట్టి గడ్డం దాకా వచ్చి ఉంటుంది. ఆ తాళంచెవి పళ్లు సరిగ్గా అరగదియ్యి."