బొంత మీద బరువు

నేను ఒక బరువు తూచే మిషన్ని. పైన అద్దం పలక, కింద రబ్బరు కాళ్లు, పొట్టలో బ్యాటరీలు. ఎక్కినవాడి బరువెంతో చెప్పడం తప్ప నాకు వేరే పని లేదు. ఆ ఒక్క పనీ నన్ను సవ్యంగా చేయనివ్వలేదు ఈ ఇంట్లోవాళ్లు! తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

ఫ్యాక్టరీలో నన్ను ఒకటికి నాలుగుసార్లు పరీక్షించి మరీ బయటికి పంపారు. మొదట భీమవరంలో ఒక జిమ్ముకి వెళ్లాను. అక్కడ జనం చెప్పులు విప్పి, వాచీ తీసి, ఊపిరి బిగబట్టి ఎక్కేవారు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని వాళ్లకెవరు చెప్పారో! జిమ్ము మూతపడ్డాక పేర్రాజు నన్ను కొనుక్కొచ్చాడు.

పేర్రాజు చెల్లెలు సుగుణకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ మీద బతుకుతోంది. తన కిడ్నీ ఒకటి ఇస్తానన్నాడు పేర్రాజు. మంచివాడే, కాదనను. పరీక్షలన్నీ సరిపోయాయి కానీ ఒళ్లు మరీ ఎక్కువగా ఉందనీ, నెలలో ఆరు కిలోలు తగ్గితేనే ఆపరేషన్ చేస్తాననీ డాక్టరు తేల్చి చెప్పాడు.

మొదటి వారం కాలవగట్టు మీద చెమటలు కక్కుతూ నడిచాడు. జొన్నరొట్టె, ఆకుకూర తిని ఊరుకున్నాడు. కిలోన్నర తగ్గాడు. నాకూ ముచ్చటేసింది.

అప్పుడు రంగంలోకి దిగింది వాళ్లమ్మ తాయారమ్మ.

"రేపు కోత కోయించుకునేవోడివి, ఒంట్లో సత్తువ లేపోతే ఎలాగరా? తిను నాన్నా," అంటూ జొన్నరొట్టె మీద గరిటెడు నెయ్యి పోసింది. అన్నం మానేశాడు కదా అని రాత్రిపూట పెసరట్లు, వాటిలోకి ఉప్మా. చివరికి సుగుణ కూడా! అన్నయ్య తన కోసం కడుపు మాడ్చుకుంటున్నాడని, కూర్చునే ఓపిక లేకపోయినా సున్నుండలు చుట్టి పంపింది.

"చెల్లి తన చేత్తో చేసిందమ్మా, తినకపోతే బాధపడదూ," అని డబ్బా ఖాళీ చేశాడు పేర్రాజు. మీ ప్రేమలు తగలెయ్య!

బరువు పెరిగింది. పెరిగిందనే చూపించాను.

"నేల సల్లదనానికి అలా ఎక్కువ సూపిత్తందిరా," అని తాయారమ్మ బొంత నాలుగు మడతలు పెట్టి నా కింద వేసింది. మెత్తటి దాని మీద పెడితే నా కాళ్లు సరిగా ఆనవు, అంకె తగ్గిపోతుంది. అంతే, ఇంటిల్లిపాదికీ సంబరం. ఆ సంబరానికి బొబ్బట్లు! నోరుంటే వీధి అదిరేలా అరిచేదాన్ని.

నెలాఖరున అన్నాచెల్లెళ్లిద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. అక్కడి మిషన్ కింద బొంత లేదు. పేర్రాజు నెల కిందటికన్నా ఎక్కువే తూగాడట. ఆపరేషన్ ఆపేశారు.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే తాయారమ్మ నన్ను కాలితో ఒక్క తోపు తోసింది. "అంతా దీని మూలానే! దొంగ మిషను!"

నన్నా దొంగ అనేది? వెళ్లి మంచం కింద పడ్డాను. అక్కణ్ణించి చూస్తే సుగుణ కనిపించింది. గోడకి చేరగిలబడి కూర్చుంది. మొహం ఉబ్బిపోయి, మణికట్లు పుల్లల్లా ఉన్నాయి.

"పోన్లే అమ్మా, ఏడవకు," అంది మెల్లగా. "అన్నయ్య పొద్దుట్నుంచీ ఏం తిన్లేదు. ముందు అన్నం పెట్టు."

తాయారమ్మ కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. పేర్రాజు వద్దనలేదు, పీట వాల్చుకున్నాడు.

డాక్టరు అతనికి ఇంకో నెల గడువిచ్చాడు. సుగుణకి ఎవరిచ్చారు?