ఊదా గుడ్డ కట్టిన మైకు

ఆ శుక్రవారం పొద్దున వెంకటమ్మ చేన్లో పల్లికాయ తెంపుతున్న ఆడవాళ్ళకు గుడి మీది గొట్టం మైకులోంచి ఒక మగ గొంతు వినపడింది. "మల్లొకసారి చెప్తున్న. చెప్పులు కిటికీల పెట్టొద్దు. గుడి కిటికీ చెప్పుల స్టాండు గాదు."

ఎవరూ తలెత్తలేదు. అది ఆరోగ్యమ్మ మొగుడు బాలస్వామి గొంతు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

"మీ ఆయన బతికున్నప్పుడు గూడ గింత మాట్లాడకపోతుండె," అంది వెంకటమ్మ.

"బతికున్నప్పుడు నేను మాట్లాడనిస్తినా?" అంది ఆరోగ్యమ్మ, చెట్టు దులిపి మట్టి రాలుస్తూ.

పాన్‌గల్ దాటాక గుట్ట కింద ఉన్న ఆ పేటలో కతోలికుల ఇళ్ళు అరవై. గుడి గోడల మధ్య ఎవరు ఏ మాటన్నా ఆ మైకు దాచుకునేది. తనకు తోచినప్పుడు, కరెంటున్నా లేకున్నా, ఊరంతా వినేటట్టు బయటికి పలికేది. కల్పించి చెప్పేది కాదు. అడిగితే చెప్పేది కాదు. ఒక గట్టు తగాదా దానివల్లే తీరింది, ఇద్దరు వియ్యంకులు దానివల్లే మాటలు మానుకున్నారు. ఒకసారి వనపర్తి నుంచి మెకానిక్ వచ్చి చూసి, "దీనికి వైరే లేదు గదనే," అని టీ తాగి వెళ్ళిపోయాడు. గొట్టంలో పిచ్చుకలు గూడు పెట్టకుండా చూసుకోవడం ఆరోగ్యమ్మ పని. గుడి ఊడ్చేదీ, పీఠం గుడ్డలు మార్చేదీ, గంట కొట్టేదీ ఆమే. తాళంచెవులు ఇరవై ఏళ్ళుగా ఆమె కొంగుకే ఉన్నాయి.

నెల కిందటి వరకు ఆ గుడిని చూసుకునే గురువు ఫాదర్ శౌరి. ఐదేళ్ళ కింద వచ్చాడు. హాస్టల్ కట్టించాడు, బోరు వేయించాడు, మరియమాత తేరు ముందు కోలాటమాడాడు. గుడి పెద్ద ఇస్రాయేలును పాము కరిస్తే తన మోటార్ సైకిల్ మీద నడుముకు కట్టేసుకుని వనపర్తి దవాఖానలో దింపాడు. ఆయన మాటంటే పేటకు వేదం.

నెల కింద, హాస్టల్లో పిల్లలకు ట్యూషన్ చెప్పే సింధూజ నోరు తెరిచింది. ఆటో నడిపే నాగేశ్ కూతురు, ఇరవై రెండేళ్ళ పిల్ల. హాస్టల్ ఆఫీసు రూములో ఫాదర్ తలుపేసి చెయ్యి పట్టుకున్నాడని, వద్దంటే పని ఉండదన్నాడని ముందు పోలీసు స్టేషన్లో కాగితమిచ్చింది. ఆ తర్వాత ఫోన్ ముందు కూర్చుని చెప్పింది. రెండు రోజుల్లో గద్వాల, నాగర్‌కర్నూల్ దాకా ఆ వీడియో చూడని వాడు లేడు. విచారణ తేలేదాకా ఫాదర్‌ను గుడికి దూరంగా ఉండమన్నారు బిషప్ గారు. అడిగి తెలుసుకోవడానికి మంగళవారం ఇద్దరు సిస్టర్లు, ఒక లాయరమ్మ వస్తారని కబురు పంపారు.

పేటకు కోపమొచ్చింది. ఫాదర్ మీద కాదు, సింధూజ మీద. నాగేశ్ ఆటో ఎక్కడం మానేశారు. శిలువ మార్గం చేసేటప్పుడు అతని పెళ్ళాం వనజ పక్కన ఎవరూ మోకరించలేదు. గుడిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి సాంసన్ ఒక కాగితం రాశాడు: మా ఫాదర్ నిర్దోషి, ఆ పిల్ల చెప్పేది అబద్ధం, ఆ ఇంటిని సంఘం నుంచి వెలి వేస్తున్నాం. ఆదివారం పూజ అయ్యాక సువార్త గ్రంథం మీద చెయ్యి పెట్టి ఇంటికొకరు సంతకం చెయ్యాలి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆరోగ్యమ్మ చేను నుంచి వచ్చేసరికి సాంసన్ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. అతను బాలస్వామికి తమ్ముడు. చేతిలో ఊదా గుడ్డ ఉంది.

"వదినా, రేపు స్వరూపాలకు గుడ్డలు కడ్తవు గద."

ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సు కాలంలో ఐదో ఆదివారానికి ముందు గుడిలోని విగ్రహాలన్నిటికీ ఊదా గుడ్డ కప్పుతారు, పండుగ దాకా విప్పరు. ఏటా కట్టేది ఆరోగ్యమ్మే.

"కడ్త. నా దగ్గర ఉన్నయి గుడ్డలు."

"ఇది మైకుకు."

ఆరోగ్యమ్మ కాళ్ళు కడుక్కుంటున్నదల్లా ఆగింది. "మైకు ఏమన్న పునీతుల స్వరూపమా, కప్పనీకి?"

"తపస్సు కాలం వదినా. మౌనముండాలె. దేవుని స్వరూపానికే కప్పంగ మైకుకు కప్పితె తప్పేంది?"

"గింతకాలం లేని మౌనం ఈ ఏడు ఎందుకొచ్చింది? గది ఫాదర్ గురించి ఏమన్న పలుకుతదని భయమా?"

"ఫాదర్ గురించి ఏం పలుకుతది? ఏం లేదు. జనాలు పరేషాన్ల ఉన్నరు, అంతే." సాంసన్ గుడ్డను అరుగు మీద పెట్టాడు. "గుడిల అందరం ఏదో ఒకటి అన్నోల్లమే. నువ్వు అనలేదా?"

అతనికి ఏమీ తెలియదు. ఊరికే అన్నాడు. ఆరోగ్యమ్మకు మాత్రం చెంబు చేతిలో బరువెక్కింది.

మూడేళ్ళ కింద ఒక శనివారం ఆమె పీఠం తుడుస్తుంటే హాస్టల్ పిల్ల ప్రియ వెనక నుంచి వచ్చి నిలబడింది. అప్పుడు ఇంటర్ రెండో ఏడు. ఆ పిల్ల ఏదో చెప్పబోయింది, ఆరోగ్యమ్మ ఏదో చెప్పి పంపింది. ఇద్దరి మాటలూ గుడి గోడల మధ్యే జరిగాయి. మూడేళ్ళుగా మైకు గరగరమన్నప్పుడల్లా, ఇవ్వాళ గదేనా అని ఆమె చేతిలో పని ఆపి వినేది. ఆ మాటలు బయటపడితే ఈ పేటలో ఆమె ముఖం ఎత్తుకుని తిరగలేదు.

శనివారం నిచ్చెన వేసి గుడి మిద్దె ఎక్కింది. మూడు మడతలు పెట్టి గుడ్డ కట్టింది. ముడి గట్టిగా వేసింది.

సాయంత్రానికి మైకు లోపల్లోపల గొణగడం మొదలుపెట్టింది. సంచిలో వేసిన కోడిలాగా గుడ్డ కదిలింది. కింద అరుగు మీద కూర్చున్నవాళ్ళు పైకి చూసి, మళ్ళీ వానల సంగతిలో పడ్డారు.

ఆరోగ్యమ్మకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. పొద్దు గూకకముందే వనజ ఇంటి ముందుకు వెళ్ళింది. వనజ చేటలో బియ్యం చెరుగుతోంది. కూర్చోమని అనలేదు.

"అక్కా, నువ్వు గూడ సంతకం పెడ్తవా?"

"తెల్వదు."

"ఇరవై ఏండ్లు గుడి ఊడ్చినవు. తెల్వదంటె ఎట్ల?"

సింధూజ లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది. వీడియోలో కనిపించినదానికంటే చిన్నగా ఉంది.

"నాకొక్కదానికే అయ్యిందంటరు పెద్దమ్మా. ఒక్కదాని మాట ఎవరు నమ్ముతరు? ప్రియకు ఫోన్ చేసిన. గద్వాలల చీరల దుకాణంల చేస్తుందిప్పుడు. నువ్వు గూడ వచ్చి చెప్పు అన్న. రాదంట."

"ఎందుకు రాదు?"

"నువ్వు చెప్పొద్దన్నవంట గద."

వనజ చేట చప్పుడు ఆగిపోయింది. ఆరోగ్యమ్మ చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వచ్చేసింది. ఏడవలేదు. ఏడుపు ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. తన మీద తనకే మండింది.

ఆదివారం పూజ చెప్పడానికి బయటి నుంచి వచ్చిన ముసలి ఫాదర్ దీవెన ఇచ్చి, కాఫీ కూడా తాగకుండా జీపెక్కి వెళ్ళిపోయాడు. గుడి ముందు బల్ల వేశారు. బల్ల మీద సువార్త గ్రంథం, పక్కన కాగితం, పెన్ను. ఇస్రాయేలు కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కొక్కరు వచ్చి చెయ్యి పెట్టి సంతకం చేశారు. వేలిముద్ర వేసినవాళ్ళు వేలు గోడకు తుడుచుకున్నారు.

ఆరోగ్యమ్మ వంతు వచ్చింది. ఆమె కాగితం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"చదువుడెందుకు వదినా, అందరికీ ఎరుకే గద," అన్నాడు సాంసన్.

"ఇస్రాయేలు మామా, నిన్ను పాము కరిచిననాడు ఫాదర్ దవాఖానకు తీసుకపోయిండు. బోరు ఏయించిండు. గవన్ని రాయి, నేను రెండు చేతులతోని సంతకం పెడ్త. ఈ పిల్ల చెప్పేది అబద్ధం అన్న ముక్క మాత్రం కొట్టెయ్యి."

"కొట్టేస్తె ఇంకేముంటది కాగితంల?" అన్నాడు ఇస్రాయేలు.

"అదే అంటున్న. ఆ రూముల నేను లేను. నువ్వున్నవా? సాంసన్ ఉన్నడా? లేనోల్లం అందరం దేవుని వాక్యం మీద చెయ్యి పెట్టి ఏమని ఒట్టేస్తున్నం?"

"అంటే ఫాదర్ తప్పు చేసిండంటవా?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"అంటలేను! చేసిండంటలేను, చెయ్యలేదంటలేను. అడగనీకి మంగళవారం వస్తున్నరు, అడగనీయిండ్రి అంటున్న. పోలీసోల్లు అడుగుతరు, అడగనీయిండ్రి. ఆయన తప్పు లేకుంటె తేలిపోతది, మనమే తేరెక్కించి తెచ్చుకుందం. గంతలోపల ఒక ఆడపిల్ల ఇంటిని వెలేస్తెనే నిలిచేదైతె గదేం నిర్దోషిత్వం?"

"గుడి పరువు పోతది కోడలా," అన్నాడు ఇస్రాయేలు. గొంతులో కోపం కంటే బతిమాలుడే ఎక్కువ ఉంది. "ఆయన నా పానం కాపాడిండు. నేనెట్ల ఊకుండాలె?"

"నీ పానం కాపాడినోనికి నువ్వు దండం పెట్టు. ఆ పిల్ల నోరు ఎందుకు కట్టేస్తవు? మనం శౌరి ఫాదర్ పేరు మీద జ్ఞానస్నానం తీసుకున్నమా? ఒక మనిషి మంచోడు కాదని తేలితె కూలిపోయే గుడైతె, కూలిపోనీ!"

కలకలం లేచింది. సాంసన్ ఆమె రెక్క పట్టుకోబోయాడు. "నీకు ఆ ఇంటోల్లు ఏం ఎక్కించిన్రు వదినా? అంత తెలిసినదానివి మైకుకు గుడ్డ ఎందుకు కట్టినవు మరి?"

"భయపడి కట్టిన," అంది ఆరోగ్యమ్మ. "నా కోసం."

నిచ్చెన ఇంకా గోడకే ఉంది. యాభై రెండేళ్ళ మనిషి కొంగు నడుముకు చెక్కి చకచకా ఎక్కేసింది. ముడి రాలేదు. పళ్ళతో పట్టి లాగింది. ఊదా గుడ్డ మిద్దె అంచు నుంచి జారి బల్ల మీద, కాగితం మీద పడింది.

అందరూ ఫాదర్ గొంతు కోసం చూశారు. కొందరు చెవులు మూసుకున్నారు. మైకు గొంతు సవరించుకుంది.

"పెద్దమ్మా, నాకు ఆఫీసు రూముకు పోవాలంటె భయమైతుంది. ఫాదర్ నన్ను..."

"నోరు ముయ్యి!" అది ఆరోగ్యమ్మ గొంతు, మూడేళ్ళు చిన్నది. "ఫాదర్‌ను అంటె దేవున్ని అన్నట్టే. ఇంకెవ్వరి దగ్గరా ఈ మాట అనకు. మీ నాయినకు తెలిస్తె సదువు బందు జేస్తడు. పరీక్షలు రాసి పో."

ఒక వెక్కు. వెళ్ళిపోతున్న అడుగులు. ఆ తర్వాత చాలాసేపు, తడిగుడ్డతో పీఠాన్ని గట్టిగా రుద్దుతున్న చప్పుడు. ఊరంతా ఆ చప్పుడు విన్నది.

ఆరోగ్యమ్మ మిద్దె మీద నుంచి దిగలేదు. అక్కడి నుంచే మాట్లాడింది. "ఆ పిల్ల ప్రియ. ఆ రెండో గొంతు నాది. ప్రియ చెప్పబోయింది నిజమో కాదో నాకు తెల్వదు. ఎందుకంటె నేను అడగలేదు. మీరు ఈ కాగితంతోని చేస్తున్నది గూడ గదే."

ఇస్రాయేలు కాగితం మీది గుడ్డ తీసి మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. కొందరు సంతకం పెట్టకుండా ఇళ్ళకు వెళ్ళారు. కొందరు ఇంకా గట్టిగా పెట్టారు. అరవై ఇళ్ళలో ముప్ఫై ఎనిమిది పేర్లతో కాగితం బిషప్ గారికి వెళ్ళింది. ఆ సాయంత్రమే సాంసన్ వచ్చి తాళంచెవులు ఇమ్మన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి అతని చేతిలో పెట్టింది.

"పిల్లను అట్ల ఎల్లగొట్టినదానివి నువ్వు మాకు నీతులు చెప్తవా?" అన్నాడు.

"అవును, చెప్త. నాకంటె బాగ ఎవరికి ఎరుక?"

సోమవారం పల్లి చేన్లో ఆమె పక్క సాలు పట్టడానికి పేట ఆడవాళ్ళు ఎవరూ రాలేదు. వెంకటమ్మ తానే కొంగు చుట్టుకుని వచ్చి ఆ సాలు పట్టింది. ఏమీ అడగలేదు.

మంగళవారం పదింటికి ఇద్దరు సిస్టర్లు, లాయరమ్మ వచ్చి బడి గదిలో కూర్చున్నారు. మొదట సింధూజ వెళ్ళింది, తల్లితో. తర్వాత ఆరోగ్యమ్మ వెళ్ళి అన్నది అన్నట్టు చెప్పింది. ఒక సిస్టర్ నోటు పుస్తకంలో రాసుకుంటూ, "ఆ అమ్మాయి రాదా?" అని అడిగింది. "నేనే రానియ్యకుంట చేసిన," అంది ఆరోగ్యమ్మ.

బయటికి వచ్చేసరికి పన్నెండు గంటల బస్సు ఆగి ఉంది. దాంట్లోంచి పొడుగాటి పిల్ల ఒకతి దిగింది. మైకు అన్నదాన్ని ఆదివారమే సింధూజ ఫోన్లో పట్టి గద్వాలకు పంపిందట. ఆ పిల్ల దుకాణంలో చీరలు మడతపెడుతూ తన గొంతు తానే నాలుగుసార్లు విన్నదట.

ప్రియ వచ్చి ఆరోగ్యమ్మ ఎదురుగా నిలబడింది. దండం పెట్టలేదు. ఆరోగ్యమ్మ క్షమాపణ మాట కోసం వెతుక్కుంది. దొరికింది చిన్నదిగా అనిపించి, అసలు అడగాల్సింది అడిగింది.

"ఆ రోజు ఏం చెప్పనీకి వచ్చినవు బిడ్డా?"

సిస్టర్ బడి గది తలుపు తీసి పిలిచింది. "లోపలికి రామ్మా. తలుపు వేసుకుందాం, ఎవరూ వినరు."

"వద్దు సిస్టర్," అంది ప్రియ. "తలుపేసిన రూములు నేను చూసిన. గుడిలనే చెప్త."

గుడికి తాళం ఉంది. తాళంచెవి సాంసన్ దగ్గర ఉంది. పొద్దుటి నుంచి గుడి అరుగు మీద ఒక్కడే కూర్చున్న ఇస్రాయేలు లేచాడు. ఎవరి ముఖం చూడకుండా కర్ర పట్టుకుని సాంసన్ ఇంటి వైపు నడిచాడు. వాళ్ళిద్దరి మధ్య ఏం నడిచిందో కాని, పావుగంటకు తాళంచెవి తెచ్చి, ఆరోగ్యమ్మకు కాదు, ప్రియ చేతికి ఇచ్చాడు.

ప్రియ తాళం తీసింది. సింధూజ ఆమె వెనకే లోపలికి నడిచి, వట్టి బండల మీద పక్కనే కూర్చుంది. సిస్టర్లు, లాయరమ్మ ఎదురుగా కూర్చున్నారు. ఆరోగ్యమ్మ తలుపులు రెండూ బార్లా తెరిచి గోడకు ఆనించింది.

"జర గట్టిగ చెప్పు బిడ్డా," అంది.