పెద్ద పాత్ర

ఫిబ్రవరి పదకొండో తారీఖు పొద్దున బీరప్ప బొరుగుల ఉగ్గాణి, రెండు మిర్చిబజ్జీలు తిన్నాడు. అందులో విశేషమేమీ లేదు. రాయచూరులో సగం ఊరు పొద్దున పూట తినేది అదే. తారీఖు గుర్తుండిపోవడానికి కారణం వేరే ఉంది. పెళ్లినాటి నుంచీ ఉన్న మీసం తీసేశాక అతను తిన్న మొదటి తిండి అది. బజ్జీ కొరికిన ప్రతిసారీ పైపెదవికి చల్లగాలి తగిలి, ఇంటి ముందు పందిరి ఎవరో పీకేసినట్టు అనిపించింది.

సౌభాగ్య ఎదురుగా కూర్చుని చూసి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వు, నవ్వు. రేపు నన్ను సినిమాల చూస్తవు గద," అన్నాడు బీరప్ప.

"నేనెందుకు నవ్వుతనయ్యా? మా అత్తను పగటిపూట జూసుడు ఇదే మొదలు. కాళ్లు మొక్కాల్నా ఏందని ఆలోచన చేస్తున్న."

ఆమె కాపురానికి వచ్చేసరికే బీరప్ప తల్లి లేదు. సౌభాగ్య అత్తగారిని చూసింది నాటకంలోనే. పెళ్లయిన కొత్తలో భర్త దాది వేషం కట్టి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ తెర పక్క నుంచి వస్తే, పక్కన కూర్చున్న ముసలమ్మ "అయ్యో, అచ్చం వాళ్లమ్మ తిమ్మమ్మనే" అని కళ్లు తుడుచుకుంది. అప్పటి నుంచి ఇంట్లో మేకుకు వేలాడే దాది వేషపు జనపనార జుట్టును సౌభాగ్య "అత్త" అనే పిలుస్తుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు "అత్తా, జర జరుగు" అంటుంది.

బీరప్పది సామాన్ల కిరాయి దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం. పెళ్లిళ్లకూ జాతరలకూ గంగాళాలు, బకెట్లు, తెడ్లు ఇస్తాడు. తిరిగి వచ్చినవాటి మాడు గీకి, సొట్టలు తీసి బోర్లిస్తాడు. ఊళ్లో సగం పెళ్లిళ్ల వంట అతని గిన్నెల్లోనే ఉడికింది. అయినా అతన్ని పంక్తిలో కూర్చోమనాలని ఎవరికీ తోచదు. గిన్నెల కోసం మర్నాడు ఎలాగూ వస్తాడు కదా.

ఏడాదిలో నాలుగైదు రాత్రులు మాత్రం అతను దాది. లోకనాథ్ నడిపే నాటక సమాజం 'కోమలాంగి స్వయంవరం' ఆడుతుంది. మాటలు తక్కువ, తెల్లవార్లూ పాటలే. రాకుమారిని పెంచిన దాది ఆమె పెళ్లి పాయసం కలుపుతూ పాడే పాట ఒకటుంది. నాటకం మొత్తంలో బీరప్పకున్నది ఆ ఒక్క పాటే. అది వచ్చే వేళకు నిద్రపోయిన పిల్లలను కూడా తల్లులు లేపి కూర్చోబెట్టేవాళ్లు.

ఇప్పుడు దాన్ని సినిమా తీస్తున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రకాశ్ అనే దర్శకుడు రెండు రాత్రులు నాటకం చూసి, ముప్పాతిక పాటలు కోసేసి, వేషాలకు మనుషులను వెతకడం మొదలుపెట్టాడు. ఊరంతా అద్దాల ముందు నిలబడింది. మోకాళ్ల నొప్పులతోనే రాకుమారుడి వేషం కడుతున్న లోకనాథ్‌కు, ఆ రాకుమారుడి కీర్తిశేషుడైన తాత వేషం ఇచ్చారు. అంటే గోడ మీద దండ వేసిన పటం. "సినిమా మొత్తం నేనే కనపడ్త, తెల్సా? హీరో గిట్ల బయటికి పోతడు, నేను గోడ మీదనే ఉంట," అని అతను అందరికీ చెప్పుకుంటున్నాడు.

దాది సంగతి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. దర్శకుడు దుకాణానికి వచ్చి, చుట్టూ చూసి, బాగుంది బాగుంది అని వెళ్లిపోయాడు. బీరప్ప ఫోను చొక్కా జేబులోంచి తీయకుండా తిరిగాడు. నిన్న సాయంత్రం అది మోగింది.

"బీరప్పగారా? నేను సహన, సినిమాది. పెద్ద పాత్ర మీదేనట కదా! రేపు పొద్దున గబ్బూరుకి రండి. ప్రకాశ్ సార్ మీ పాత్ర చూసే సీన్ రాసుకున్నారు."

సహన బెంగళూరు పిల్ల. తెలుగు సినిమాలో పని దొరికిందని పట్టుదలగా తెలుగు నేర్చుకుంటోంది. తెలుగువాళ్లు దొరికితే వాళ్ల మీదే అభ్యాసం చేస్తోంది.

గబ్బూరులో పాతగుడి పక్క ఖాళీ జాగాలో షూటింగు. బస్సు దిగిన బీరప్ప చంకలో సంచి ఉంది. సంచిలో జనపనార జుట్టు, ఇత్తడి గాజులు, పాత నేతచీర. సహన పరుగున వచ్చింది.

"వచ్చారా! పాత్ర ఎక్కడ?"

"ఇగో," అని బీరప్ప తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"అదే, పెద్ద పాత్ర?"

"సన్నగున్న మాట నిజమే గని బిడ్డా, చీర గట్టినంక నిండుగ అవుపడ్త."

సహన అతన్నీ అతని వెనక ఉన్న ఖాళీ రోడ్డునూ మార్చి మార్చి చూసింది. తర్వాత పాయసం చేసేది, ఇంత పెద్దది అన్నట్టు రెండు చేతులూ బారజాపి గుండ్రంగా చుట్టింది. "పాయసా మాడోదు... ఇష్టు దొడ్డదు! పాత్రె!"

ఆ చివరి ఎత్వం అప్పుడొచ్చింది, ఒక రోజు ఆలస్యంగా. కన్నడంలో పాత్ర అంటే వేషం, పాత్రె అంటే గిన్నె. తెలుగు చేయాలని ఆ పిల్ల ఎత్వం కొట్టేసింది. బీరప్పేమో గిన్నెను ఏనాడూ పాత్ర అని ఎరగడు. అతనికి అది గిన్నె, గంగాళం, కొప్పెర.

సహన చూపు అతని బోడిమూతి మీద ఆగింది. ఆమెకు మొత్తం అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

అంతలో దర్శకుడు కేకేశాడు. "సహనా! కొప్పెర రాలేదా? నీకు చెప్పిన ఒక్క పనీ..."

"వెనక ఆటోల వస్తున్నది సార్!" అన్నాడు బీరప్ప. "జాగ జూస్కోనీకి నేను జల్ది వొచ్చిన."

అవతలికి పోయి ఇంటికి ఫోను చేశాడు. "సౌభాగ్యా, రాగి కొప్పెర లేద? దాన్ని గూడ్సు ఆటోల ఎక్కించి పంపు."

"మరి వేషం?"

"వాళ్లు అడిగింది కొప్పెరనేనంట."

ఆమె పగలబడి నవ్వుతుందని అతను ఫోను చెవికి కాస్త దూరం పెట్టుకున్నాడు.

"తెడ్డు గూడ పంపాల్నా?" అంది సౌభాగ్య, మెల్లగా.

దాది వేషానికి వచ్చినామె పేరు కుసుమ. ఆంధ్ర నుంచి వచ్చి, కాలువ కింద క్యాంపులో స్థిరపడి వరి పండించుకునే కుటుంబం. అరవై దాటి ఉంటాయి. చెట్టు కింద ఆమె గొంతు సవరించుకుంటుంటే బీరప్ప ఓ బండ మీద కూర్చుని విన్నాడు. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని విన్నాడు. దొరకలేదు. పాట చివర ఆమెకు కొంచెం ఆయాసం వచ్చింది. ఆ ఆయాసాన్ని అతను ఇన్నేళ్లూ నటించాల్సి వచ్చేది.

ఎవరు చెప్పారో, ఆమె లేచి అతని దగ్గరికే వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇన్నాళ్లూ దాది మీరేనటగా? ఒక్క సందేహమండీ. మాటాడినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాలంటన్నారు దర్శకుడుగారు. మీ నాటకం వీడియోలో మీరలాగే చేశారంట. ఎందుకండీ? సిగ్గా, దుఃఖమా?"

"మీసమమ్మా," అన్నాడు బీరప్ప.

కుసుమ గట్టిగా నవ్వింది. అతనూ నవ్వాడు. కాసేపటికి మళ్లీ అన్నాడు. "మా అమ్మకు ముందు పండ్లు రెండు లేకుండె. ఆమె గూడ గట్లనే పెట్టుకుంటుండె. మీసానికి ఉపాయం ఆమెనే చూపిచ్చింది అనుకో."

కుసుమ అప్పుడు నవ్వలేదు. కొంగు అంచు వేళ్లతో పట్టుకుని, "ఇలాగా?" అంది.

"ఇంకా జర కిందికి. ఆఁ... అట్ల."

కొప్పెర వచ్చింది. పొయ్యి అంటించారు. సహన దర్శకుడి చెవిలో ఏదో చెప్పింది. ఆయన బీరప్ప వైపు తలెత్తి చూసి, "కరెక్టే, అంత కొప్పెరలో ఆవిడొక్కతే ఎలా కలుపుతుంది? వంటవాడు ఉండాలి," అన్నాడు. "కానీ వంటవాడికి మీసం ఉంటే బాగుంటుంది."

మేకప్ మనిషి పెట్టె వెతికి మీసం ఒకటి అంటించాడు. పొద్దున ఇంట్లో పోయినదానికి రెండింతలుంది.

పాట మొదలైంది. బీరప్ప తెడ్డు వేసి కలుపుతున్నాడు. అతని పాట ఇంకొకరి నోట్లోంచి వస్తోంది. పెదవులు కదలకుండా పళ్లు బిగపట్టాడు. మూడో చరణం దగ్గర కొప్పెర ఆవిరికి జిగురు కరిగి, మీసం ఎడమ కొస ఊడి వేలాడింది. కెమెరా నడుస్తోంది. ఏం చేయాలో తోచక భుజం మీది తువ్వాలు కొసతో నోరు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే కుసుమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దర్శకుడు ఆపమని అరవలేదు. పాట అయ్యాక కుర్చీలోంచి లేచాడు. "భలే చేశారండీ! ఒక తల్లి బిడ్డల్లా ఉన్నారు ఇద్దరూ. ఇది ఇలాగే ఉంచేద్దాం."

సాయంత్రం కుసుమను క్యాంపులో దింపడానికి కారు సిద్ధమైంది. బీరప్ప కిటికీ దగ్గరికి వెళ్లి సంచి లోపలికి అందించాడు. "వాళ్లిచ్చిన జుట్టు మెరుస్తున్నదమ్మా. ఇది పెట్టుకో. ఎండకు జర గీరుతది, అంతే."

ఆమె సంచిని ఒళ్లో పెట్టుకుంది. కారు కదిలి మలుపు తిరిగింది.

అతను ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేశారు. ఆటోలోంచి కొప్పెరను ఇద్దరూ చెరో పక్క పట్టి దింపారు. బీరప్ప పెట్టుడు మీసం పీకి, ఎక్కడ పెట్టాలో తెలియక జుట్టు వేలాడే గోడమేకు కొనకు అంటించాడు. సౌభాగ్య అటు చూసింది.

"అత్తేదయ్యా?"

"పోయింది."

"ఎట్ల పోయింది?"

"కార్ల. ముంగట సీట్ల కూసోని."

"బతికినన్ని దినాలు బస్సు గూడ ఎక్కకపాయె పాపం, కార్ల పోయింది," అంది సౌభాగ్య. అతనికి జొన్నరొట్టె, పుల్లటి పుండికూర వడ్డించి పక్కనే కూర్చుంది. పొద్దుటి నవ్వులో మిగిలింది ఏదైనా ఉంటే అప్పుడు నవ్వవచ్చు. నవ్వలేదు. మూతి కేసి చూసి, "మొలుస్తదిలే," అంది.

అతను తిని చెయ్యి కడుక్కున్నాక ఆమె లేచి వీధి తలుపు చప్పుడు లేకుండా మూసింది. బయటి గాలి ఆగింది. అంతసేపూ మేకు మీద అటూ ఇటూ ఊగుతున్న మీసం నిలిచిపోయింది.