అత్త ఆర్పిన కొవ్వొత్తులు

తెల్లారకముందే చీపురు పట్టి కలకత్తా ఖిదిర్‌పూర్ వీధులు ఊడ్చి, మధ్యాహ్నానికి కాళ్లీడ్చుకుంటూ క్వార్టర్‌కి వస్తే మా గుమ్మంలో జనం. మా అత్త అప్పాయమ్మ పునీత అంతోనివారి కొవ్వొత్తితో జబ్బులు తీస్తుంది. కొవ్వొత్తిని రోగి తల నుంచి పాదాల దాకా దించి, పునీతుడి పటం ముందు వెలిగిస్తుంది. ఉక్కకి కొంగుతో విసురుకుంటూ పక్కనే కూర్చుంటుంది. కడదాకా కాలితే జబ్బు ఇంట్లోనే తగ్గుతుంది, మధ్యలో ఆరితే ఆసుపత్రికి వెళ్లాలి. హిందువులైనా, కిరస్తానీలైనా, పక్క సందు బెంగాలీలైనా ఆ మాటకి తిరుగులేదు. నాకు మాత్రం ఒళ్లు మండేది. నేల మీది మైనం గీకేది నేనే కదా.

ఈసారి జబ్బు అత్తకే వచ్చింది. పడుకుంటే ఊపిరాడదు, పాదాలు పొంగిపోయాయి. అందరికీ పెట్టిన కట్టుబాటు తనకీ ఉండాలంది. ఎవరికి వారు దించుకోకూడదు కాబట్టి నన్ను చెయ్యమంది. పొరుగింటి జయలక్ష్మి, మరికొందరు ఆడవాళ్లు చూడ్డానికి కూర్చున్నారు.

నమ్మకం లేకుండానే దించాను. వెలిగించాక మాత్రం ఆరకూడదని ప్రాణం కొట్టుకుంది. ఆసుపత్రి లైన్లలో నిలబడే ఓపిక నాకు లేదు. పైగా మామని అక్కడికి నడిపించుకెళ్లి మోసుకొచ్చాం. ఫ్యాన్ ఆపాను, కిటికీ మూశాను, మంటకి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అత్త నా వంకే చూస్తోంది. కొవ్వొత్తి కడదాకా కాలింది. ఆడవాళ్లు దండం పెట్టుకుని బయటికి నడిచారు. నాకు ఏడుపొచ్చినంత హాయిగా అనిపించింది.

అత్త దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఆసుపత్రికి ఎల్లాల్సినోల్ల కొవ్వొత్తి నానే కొంగిసిరి ఆర్పీసీదాన్నే. ఇన్నేల్లు మైనం గీకినావు, నీకు తెలిసే ఉంటాదనుకున్నాను."

ఆ సంగతి వెలిగించకముందే చెప్పొచ్చు కదా అని అడిగాను.

"ఏ మొకం పెట్టుకోని సెప్తాను? కొవ్వొత్తి కడదాకా కాలినాక నానాసుపత్రికి ఎల్తే ఆల్లు రేపు నా మాటినరు. అవసరమైనోల్లు కూడా ఎల్లరు."

ఊపిరి అందక ఆగిపోయింది. ఆమె చచ్చిపోతుందని నాకు అప్పుడు అర్థమైంది. వీధిలోకి పరుగెత్తి ఆడవాళ్లని వెనక్కి పిలిచాను. దించేటప్పుడు మనసులో ప్రార్థన చెప్పుకోవడం మర్చిపోయానని, అది చెల్లదని అబద్ధమాడాను. అందరూ చూస్తుండగా ఇంకో కొవ్వొత్తి తల నుంచి దించి వెలిగించాను. ఉక్కకి విసురుకుంటున్నట్టు కొంగు విసిరాను, మంట ఆరిపోయింది.

జయలక్ష్మి అయ్యో అని గుండె మీద చెయ్యి వేసుకుంది. అత్త మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుని, చెప్పులు ఇలా తెమ్మంది.