చక్రం ఎటు తిప్పితే అటే

మా పాత పడవకు చక్రం లేదు. వెనక మోటారు, దానికో పొడవాటి పిడి. పడవ కుడికి పోవాలంటే పిడిని ఎడమకు తొయ్యాలి, ఎడమకు పోవాలంటే కుడికి. నాన్న, బాబాయి అలాగే జనాన్ని నది దాటించేవాళ్ళు. పడవలోకి ఊరిన నీళ్ళు తోడటానికీ, ఒడ్డుకు తాడు విసరటానికీ నేను. పిడి దగ్గరికి జరిగితే చాలు, "నీకెందుకే అది?" అనేవాడు బాబాయి.

నాన్న భుజం పట్టేసి పిడి పట్టలేకపోయాక కొత్త మోటారు బిగించారు. ఇప్పుడు ముందు సీటు, కారుకున్నట్టు చక్రం, పక్కన లివరు. నిటారుగా ఉంచితే మోటారు ఊరికే తిరుగుతుంది. ముందుకు వంచితే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. మెకానిక్ చూపిస్తుంటే బాబాయి ఒడ్డునే టీ తాగుతూ, "ఈత వచ్చినవాడికి నీళ్ళు చూపిస్తాడేంటి?" అన్నాడు. నేను మెకానిక్ పక్కనే నిలబడ్డాను. తర్వాత రేవు ఖాళీగా ఉన్నప్పుడల్లా నాన్న పక్కన కూర్చుంటే నేను నడిపాను.

జనాన్ని ఎక్కించుకునే మొదటిరోజు నాన్న, "పిల్ల నడుపుతుంది" అన్నాడు.

"దీనికి నోట్లో నాలుకే లేదు, పడవేం నడుపుతుంది!" అని బాబాయి వెళ్ళి సీట్లో కూర్చున్నాడు.

సీటు దగ్గర ఒక ఎర్రతాడు ఉంటుంది. నడిపే మనిషి మణికట్టుకు తగిలించుకోవాలి. మనిషి నీళ్ళలో పడితే తాడు రెండో కొస స్విచ్చు నుంచి ఊడి మోటారు ఆగిపోతుంది. బాబాయి దాన్ని కమ్మీకి చుట్టేసి, "కట్టేసుకోడానికి నేనేమన్నా కుక్కనా?" అన్నాడు.

జనం ఎక్కాక పడవ కదిలింది. రేవు మెట్లు మాకు ఎడమవైపు. పడవ కుడికి తిరగాలి. ఏళ్ళతరబడి పిడికి అలవాటుపడ్డ చెయ్యి కదా, చక్రాన్ని ఎడమకు తిప్పింది. పడవ మెట్లకేసి మళ్ళింది. కంగారులో ఇంకా ఎడమకు తిప్పాడు. ధడేల్‌మని గుద్దుకుని అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. చేపల తాత బుట్ట బోర్లా పడింది.

"మెట్ల దాకా చాలయ్యా, ఇంట్లోకి వద్దు!" అంది దర్జీ అక్క, మోచెయ్యి రుద్దుకుంటూ.

"చక్రం లోపం. దీన్ని విప్పేసి రేపే పాత మోటారు బిగిస్తా" అన్నాడు బాబాయి.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట!" చేపల తాత చేపలు ఏరుకుంటూ గొణిగాడు.

జనం దిగిపోయారు. నాకు మాత్రం 'పాత మోటారు' అన్న మాటే చెవుల్లో మోగుతోంది. అది మళ్ళీ వస్తే నాన్న ఒడ్డుకే, నేను నీళ్ళు తోడే డబ్బాకే.

కమ్మీకి చుట్టిన తాడు విప్పి నా మణికట్టుకు తగిలించుకున్నాను.

"దిగవే! ఎవరెక్కుతారు నీ పడవ?"

"ఎవరూ ఎక్కొద్దు. ఖాళీగానే తిప్పుతా. నువ్వు దిగు బాబాయ్."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. బాబాయి ఒకసారి నాన్న వంక చూసి దిగాడు.

కుడికి తిప్పాను, పడవ కుడికే వెళ్ళింది. నది మధ్యదాకా వెళ్ళి మళ్ళించి, ప్రవాహానికి ఎదురుగా రేవుకొచ్చాను. ముక్కు మెట్ల దగ్గరికి రాగానే లివరు నిటారుగా నిలిపాను. మెట్లవైపు చక్రం తిప్పి, కాస్త వెనక్కి లాగాను. పడవ తోక మెల్లగా మెట్ల పక్కకొచ్చింది. చివర్లో కొంచెం ఎక్కువే లాగానేమో, మెట్లకు కట్టిన టైరుకు తగిలి పడవ ఊగింది. ఊగితే ఊగింది, గుద్దుకోలేదుగా. చెయ్యి చాపి కట్టుతాడు మెట్ల పక్క గుంజకు ముడేశాను.

"సరేలే, చూశాంగా. తాడిలా ఇయ్యి" చెయ్యి చాపాడు బాబాయి.

"ఇవ్వను."

"నేర్పినవాళ్ళకే ఎదురు చెప్తావా?"

"నువ్వేం నేర్పావు? పిడి ముట్టుకోనివ్వలేదుగా! అందుకే ఇప్పుడు నాకు మర్చిపోవాల్సిందేమీ లేదు."

దర్జీ అక్క కుట్టుబట్టల మూట నా కాళ్ళ దగ్గర పడేసి ఎక్కింది. "పోనీవే, నాకు ఆలస్యమవుతోంది." వెనకే చేపల తాత. "పిల్లా, ఈ చేపలు ఇప్పటికే ఒకసారి పడ్డాయి" అన్నాడు.

"గట్టిగా పట్టుకో తాతా. బాబాయ్, కాస్త కట్టుతాడు విప్పు."

బాబాయి చేతులు కట్టుకుని కదల్లేదు. నాన్న మెట్లు దిగొచ్చి, బాగున్న చేత్తో ముడి విప్పి తాడు పడవలోకి విసిరాడు.

లివరు ముందుకు వంచాను.