ఆరుగురున్న ఫ్లాపీ

గేములమ్మే దొరలారా, ఒరెస్ట్ పెట్రిక్ మనుషుల్ని ఆరుగుర్నీ పొట్టన పెట్టుకున్నది మీరే. డేల్ చెయ్యి తప్పిందనీ, లోర్నా తొందరపడిందనీ మీ వకీళ్ళు రాస్తారు. రాసుకోండి. ఆ చెయ్యి తప్పే చోటికి వాళ్ళని తోసుకొచ్చింది మీరు.

ఒరెస్ట్ హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ బట్టీల దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. పక్షవాతం వచ్చి కుడిచేతినీ నోటినీ ఒకేసారి పట్టుకుపోయింది. మాట రాదు. పేర్లయితే అసలే రావు. చెల్లెలు లోర్నా ఓ కంప్యూటరూ, గుహల్లో తిరిగే గేమూ తెచ్చిపెట్టింది. అందులో ఆరుగురు మనుషుల్ని మనమే తయారుచేసుకుని, పేర్లు పెట్టి, కిందికి దించాలి. ఒరెస్ట్ తనతోపాటు బట్టీ వేడిలో మాడుతూ పనిచేసిన ఆరుగురి పేర్లు పెట్టాడు. ఎడమచేతి వేలితో ఒక్కో అక్షరం. టిబోర్ అని కొట్టడానికి రెండు రోజులు. ఎమ్లిన్‌కి వారం. చేత్తో కొట్టిన పేరు కొన్నాళ్ళకి నోటికొచ్చేది. పద్నాలుగు నెలల్లో ఆ ఆరుగురూ తొమ్మిదో అంతస్తుకి దిగారు, ఆరు పేర్లూ అతని నోటికెక్కాయి. తన పేరు ఇంకా రాలేదు.

ఆ ఆరుగురూ ఉన్నది ఒకే ఒక్క ఫ్లాపీలో. ఎక్కడిదాకా ఆడారో గేమ్ తన ఒరిజినల్ మీదే రాసుకుంటుంది, ఇంకోదాని మీద రాయదు. పోనీ కాపీ తీద్దామంటే తాళం. ఏం తాళమది? ఫ్లాపీలో ఒకచోట కావాలని చెడగొట్టి అమ్ముతారు. గేమ్ మొదలైన ప్రతిసారీ ఆ చెడిన చోటు ఉందా లేదా అని చూసుకుంటుంది. చదవలేక డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే హెడ్ వెనక్కిపోయి కొట్టుకుంటుంది. టక టక టక టక. రోజుకి రెండుసార్లు, పద్నాలుగు నెలలు.

మార్చిలో ఆ చప్పుడు మారింది. టకటకల వెనకాల ఏదో గీరుతున్నట్టు ఇంకో చప్పుడు. గేమ్ మూడో ప్రయత్నానికిగానీ లేవడంలేదు. ఒరెస్ట్ డ్రైవ్ మీద అరచెయ్యి పెట్టి కూర్చునేవాడు, ఒళ్ళు కాలుతోందేమోనని చూసినట్టు.

లోర్నా కంపెనీకి ఫోన్ చేసింది.

"పాత ఫ్లాపీ మాకు పంపించండి మేడమ్, కొత్తది ఇస్తాం."

"కొత్తదాంట్లో మావాళ్ళుంటారా?"

"ఎవరు మేడమ్?"

"మావాళ్ళు ఆరుగురయ్యా!"

"ఉండరు మేడమ్. కాపీ చేసుకోవడం మాత్రం దొంగతనం, గుర్తుంచుకోండి."

"మా మనుషుల్ని మేం ఇంకో గదిలో పడుకోబెట్టుకుంటే దొంగతనమేంటి?"

ఫోన్ పెట్టేశారు.

శనివారం మధ్యాహ్నం యూనియన్ హాలు కింద గదిలో కంప్యూటర్ క్లబ్బు కలుస్తుంది. లోర్నా అన్నని చెయ్యిపట్టుకుని దించింది.

"వచ్చిందండోయ్ దొంగల రాణి!" డోనట్ నములుతూ వెర్న్ కూశాడు.

"నోర్ముయ్ వెర్న్. నీ ఇంట్లో ఒరిజినల్ ఒక్కటన్నా ఉందా?"

"ఎందుకు లేదు, నా పెళ్ళి సర్టిఫికెట్. అలాంటిది ఇంకోటి మాత్రం వద్దు."

అందరూ నవ్వారు. డేల్ నవ్వలేదు. స్కూలు బస్సులు బాగుచేసే మనిషతను, ఒరెస్ట్ డ్రైవ్‌ని రెండుసార్లు సరిచేసింది అతనే. ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇంకెన్నిసార్లు లేస్తుందో చెప్పలేను లోర్నా."

కాపీకి ముందు ఒరిజినల్ ఫ్లాపీ అంచునున్న గాటు మీద స్టిక్కర్ అంటించాలి. అంటిస్తే డ్రైవ్ దానిమీద రాయలేదు. క్లబ్బులో ఎవరైనా కళ్ళుమూసుకుని చేసే పని. కానీ ఈ గేమ్ స్టిక్కర్ ఉంటే మొదలే కాదు, దానికి రాసుకోవాలి కదా! ఫ్లాపీ పనిచేస్తోందో లేదో చూడటానికి ముందు గేమ్ పెట్టారు. నాలుగోసారికి లేచింది.

"ఆపకు, ఆపితే మళ్ళీ లేవదు! కానిచ్చెయ్!" అంది లోర్నా. స్టిక్కర్ ఆమె వేలికే అంటుకుని ఉండిపోయింది.

డేల్ కాపీ తీసే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. ఉన్నది ఒక్క డ్రైవ్. ఒరిజినల్ కాసేపు, కాపీ కాసేపు మార్చి మార్చి పెట్టాలి. స్క్రీన్ ఏది అడిగితే అది ఒకరు పైకి అరవాలి, ఒకరు అందించాలి.

"ఒరిజినల్!"

"ఒరిజినల్."

"కాపీ!"

"కాపీ."

పదకొండోసారి తాళం దగ్గరికొచ్చింది. టక టక టక టక. ఆగలేదు. కాలిన దుమ్ము వాసన. డేల్ ఫ్లాపీ బయటికి లాగి చేత్తో పట్టుకున్నాడు. "చల్లారనీ."

చదవలేక ఆ చోటు వదిలేసి స్క్రీన్ ఈలోపు కాపీ అడిగింది. ఎవరూ పైకి అరవలేదు. డేల్ చేతిలో ఉన్న ఒరిజినల్‌నే మళ్ళీ లోపలికి తోశాడు. ఎర్రలైటు వెలిగింది.

ముందు చూసింది ఒరెస్ట్. వద్దు అనే మాట అతనికి రాదు. వచ్చినవి ఆరు పేర్లే.

"టిబోర్!" అని అరిచాడు. "టిబోర్! ఎమ్లిన్! టిబోర్!"

"దోస్తుల్ని పిలుస్తున్నాడ్రా," అన్నాడు వెర్న్.

లోర్నా వెనక్కి తిరిగేసరికి అన్న ఎడమచేత్తో బల్ల బాదుతున్నాడు. డ్రైవ్ మూత లాగిపారేసింది. అప్పటికే ఆ ఆరుగురున్న చోట రాసేసింది.

మళ్ళీ గేమ్ పెట్టారు. గుహ బొమ్మ వచ్చింది. కింద ఒకే వరస: మనుషులెవరూ లేరు, కొత్తవాళ్ళని తయారుచేసుకోండి. ఒరెస్ట్ కీల మీద వేలు పెట్టాడు. మొదటి అక్షరం ఎక్కడుందో వెతికాడు. నోరు తెరిచాడు. ఏ పేరూ రాలేదు. చెల్లెలి మొహంలోకి చూస్తూ నోరు అలాగే తెరిచి ఉంచాడు.

"తప్పు నాది," అన్నాడు డేల్.

"నీది కాదు, నోర్మూసుకుని కాగితం తియ్యి, కంపెనీకి రాయాలి," అంది లోర్నా. "రాయి. ఆడేవాళ్ళు దాచుకున్నది వేరే ఫ్లాపీ మీద రాసేలా గేమ్ మార్చండి. ప్రతి పెట్టెలో రెండో ఫ్లాపీ పెట్టండి. ఇప్పటికే కొన్నవాళ్ళకి తాళం తీసే దారి ఈ నెలలోనే పంపండి, పాతది అడక్కుండా. పంపేదాకా ఈ ఊళ్ళో మీ పెట్టె ఒక్కటి కూడా ఎవరూ కొనరు. వెర్న్, ఆ డోనట్ కింద పెట్టు. ముందు నువ్వొచ్చి సంతకం పెట్టు."